ఇంటిపేరు దాగిన చోటు: మన పెళ్లి పత్రికల చరిత్ర



ముహూర్తాల రోజులు వస్తున్నాయి. ఇక వారానికి రెండు మూడు పెళ్లి పత్రికలు ఇంటికి చేరతాయి. తేదీ, మండపం చూసుకుని అలమరలో పెడతాం. పెళ్లి అయిన మరునాడు పాత పేపర్లతో పాటు తూకానికి వేసేస్తాం. ఈసారి అలా వేసే ముందు ఒక్క మాట వినమని కోరుతూ ఇది రాస్తున్నాం. కాస్త పెద్దదే, తీరిక చూసుకుని చదవండి.

మీ ఇంట్లో ఉన్న కాగితాలన్నీ ఒకసారి బయట పెట్టండి. ఆధార్, రేషన్ కార్డు, ఓటరు కార్డు, పిల్లల బడి సర్టిఫికెట్లు, ఇంటి పట్టా. వీటిలో మీ ఇంటిపేరు ఎక్కడైనా ఉందేమో చూడండి. తమిళనాట స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఎక్కడా కనపడదు. ఇక గోత్రం, మన పెద్దలు వదిలి వచ్చిన ఊరు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ మూడూ ఒకేచోట అచ్చులో కనిపించే కాగితం మనకు ఒక్కటే ఉంది. అది పెళ్లి పత్రిక. మనం తూకానికి వేసేది దాన్నే.

ఇంటిపేరు ఎలా జారిపోయింది

2011 జనాభా లెక్కల్లో తమిళనాట తెలుగు మా మాతృభాష అని చెప్పుకున్నవారు సుమారు 42 లక్షల మంది. అందరూ ఒక్క దారిన వచ్చినవారు కాదు. విజయనగర సైన్యాలతో, మధుర, తంజావూరు నాయకుల కాలంలో వచ్చి నిలిచినవారు కొందరు. నల్లరేగడి భూములు దున్నుకోవడానికి, నేతకు, వర్తకానికి వచ్చినవారు కొందరు. హోసూరు, తిరుత్తణి వైపు చాలామంది ఎక్కడి నుంచీ రాలేదు. వాళ్లు ఉన్నచోటే ఉన్నారు, రాష్ట్రాల సరిహద్దే వాళ్ల మీదుగా జరిగింది.

ఎవరు ఎలా వచ్చినా పేరు రాసే పద్ధతి మాత్రం అందరికీ ఇక్కడిదే అయింది. తెలుగునేలపై పేరుకు ముందు ఇంటిపేరు ఉంటుంది, అది తరతరాలకూ మారదు. తమిళనాట పేరుకు ముందు ఉండేది తండ్రి పేరులోని మొదటి అక్షరం. రామస్వామి కొడుకు ఆర్. కృష్ణమూర్తి అవుతాడు. ఆయన కొడుకు కె. సురేష్ అవుతాడు. ఆయన కూతురు ఎస్. దివ్య అవుతుంది. మూడు తరాల్లో మూడు అక్షరాలు. వీళ్లంతా ఒకే ఇంటివాళ్లని ఆ కాగితాలు చూసి ఎవరూ చెప్పలేరు. పాస్‌పోర్టుకు ఇంటిపేరు గడి నింపమన్నప్పుడు చాలామంది అందులో తండ్రి పేరు రాస్తారు. అలా గడి నిండుతుంది కానీ ఇంటిపేరు మాత్రం రాదు.

దీనికి ఇంకో పెద్ద కారణం కూడా ఉంది. 1929 ఫిబ్రవరిలో చెంగల్పట్టులో జరిగిన ఆత్మగౌరవ మహాసభ, పేర్ల చివర కులనామాలు వదిలేయాలని తీర్మానం చేసింది. తర్వాతి దశాబ్దాల్లో నాయుడు, రెడ్డియార్, చెట్టియార్ లాంటివి పేర్ల నుంచి మెల్లమెల్లగా తొలగిపోయాయి. అందులో మంచి ఉంది, కాదనలేం. కానీ ఇంటిపేరు కులనామం కాదు. అది చాలాసార్లు ఒక ఊరి పేరు, ఒక వృత్తి, ఒక పూర్వీకుడి గుర్తు. కులనామం పోయిన దారినే ఇంటిపేరూ పోయింది. దాన్ని విడిగా దాచుకోవాలన్న ఆలోచన అప్పట్లో రాలేదు.

కాగితానికి ముందు పిలుపు

మన పెద్దలకు పత్రిక అచ్చు వేయించే అలవాటు మొదటినుంచీ లేదు. వాళ్లకు ఉన్నది పిలుపు. పళ్లెంలో పసుపు, కుంకుమ, వక్కాకు పెట్టుకుని ఇంటివాళ్లే వెళ్లి, ఆడవాళ్లకు బొట్టు పెట్టి పిలిచేవారు. ఊళ్లో ఇంటింటికీ కబురు చెప్పే పని రజకులదీ, నాయీబ్రాహ్మణులదీ. పొరుగూరి చుట్టాలకు మనిషిని పంపేవారు. రాతలో ఉండేది ఒక్క లగ్నపత్రికే. పురోహితుడు ముహూర్తం రాసి, పసుపు పూసి, ఇరువైపుల పెద్దల చేతుల్లో పెట్టేవాడు.

మరి వంశం వివరం ఎక్కడ ఉండేది? మంటపంలో ఉండేది. కన్యాదానం సమయంలో పురోహితుడు వధూవరుల గోత్రం చెప్పి, ముత్తాత, తాత, తండ్రి పేర్లు అందరూ వినేలా చదువుతాడు. ఫలానావారి మునిమనవడు, ఫలానావారి మనవడు, ఫలానావారి కొడుకు అని మూడుసార్లు చెప్పే ఇళ్లూ ఉన్నాయి. ఆ నాలుగు నిమిషాలే మన వంశావళి పుస్తకం. ఇప్పుడు ఆ సమయంలో మైకులో నాదస్వరం, ఫొటోగ్రాఫర్ కేకలు. ఏం చదివారో ముందు వరసలో ఉన్నవాళ్లకు కూడా వినపడదు.

ఈ నోటి వివరాన్నే తర్వాత అచ్చు పత్రిక తన మీద వేసుకుంది. అందుకే అది ఆహ్వానం మాత్రమే కాదు. చెవితో వినవలసినది కంటితో చదివే రాతగా మారిన చోటు అది.

కానీ కార్డు, మద్రాసు అచ్చు

1879 జూలై 1న మన దేశంలో పోస్టు కార్డు వచ్చింది. ధర పావు అణా, అంటే ఒక కానీ. మనిషిని పంపలేని ఊరికి కూడా కబురు పంపే వీలు కలిగింది. పెళ్లి కబురైతే కార్డు నాలుగు మూలలా పసుపు రాసేవారు. చావు కబురైతే మూల చింపేవారు, లేదా నల్ల సిరా పూసేవారు. చదువు రాని ఇల్లాలు కూడా పోస్టుమాన్ చేతిలో కార్డు చూసి, విషయం శుభమో అశుభమో గుమ్మంలోనే తెలుసుకునేది. ఈనాటికీ మనం పత్రిక మూలలకు పసుపు తాకించేది ఆ అలవాటుతోనే.

అచ్చు పత్రికలకు వస్తే, మద్రాసు ఒకప్పుడు తెలుగు అచ్చుకు పుట్టిల్లు. వావిళ్ల వారి ముద్రణాలయం 1854లో మద్రాసులోనే మొదలైంది. బొంబాయిలో 1908లో పుట్టిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసుకే వచ్చింది. తెలుగు పుస్తకాలు, వారపత్రికలు, పంచాంగాలు అచ్చయ్యే ఊళ్లో తెలుగు శుభలేఖలు అచ్చవడం పెద్ద విషయం కాదు. తెలుగు అచ్చులు పోసేవారు, కూర్చేవారు, తప్పులు దిద్దేవారు అక్కడే ఉండేవారు.

తెలుగు కూర్చడం తేలికైన పని కాదని గుర్తుంచుకోవాలి. ప్రతి హల్లుకూ గుణింతాలు, వాటి కింద ఒత్తులు, అన్నిటికీ వేర్వేరు సీసం ముక్కలు కావాలి. ఇంగ్లీషుకు ఒక పెట్టె సరిపోతే తెలుగుకు గోడ నిండా అరలు కావాలి. చిన్న ఊరి ట్రెడిల్ ప్రెస్సువాడు ఆ ఖర్చు పెట్టాలంటే ఏడాది పొడుగునా తెలుగు పని రావాలి. ఈ సంగతి ముందుముందు మనకు పనికొస్తుంది.

అచ్చయిన పత్రికను కవరులో పెట్టి, అంటించకుండా మడత లోపలికి దోపి, పైన బుక్ పోస్ట్ అని రాసి తక్కువ తపాలా బిళ్లతో పంపేవారు. మొదటి పత్రిక ఇలవేల్పుకు, రెండోది తిరుమలకు పంపేవారు. తిరుమల తిరుపతి దేవస్థానానికి పత్రిక పంపితే స్వామివారి అక్షతలు, కుంకుమ, ఆశీస్సులు తపాలాలో ఇంటికి వస్తాయి. ఇది ఇప్పటికీ ఉంది.

పాత పత్రికను చదవడం ఎలా

ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున, దేవుడి పటం వెనక, పాత పద్దు పుస్తకాల మధ్య ఒక పత్రిక దొరికిందనుకోండి. దాన్ని పై నుంచి కిందికి ఇలా చదవాలి.

తలకట్టులో శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు ఉంటాయి. పక్కన ఇలవేల్పు పేరు ఉంటుంది. తమిళ పత్రికైతే "శ్రీ రేణుకాదేవి తుణై" అన్నట్టు, ఫలానా దేవత తోడు అని ఉంటుంది. ఈ ఒక్క మాటను తేలిగ్గా తీసుకోకండి. ఇలవేల్పు గుడి ఎక్కడుందో తెలిస్తే మీ వాళ్లు ఏ దారిలో వచ్చారో సగం తెలిసినట్టే.

తర్వాత "స్వస్తిశ్రీ చాంద్రమాన" అంటూ సంవత్సరం పేరు, మాసం, తిథి. సంవత్సరాల పేర్లు 60 ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. శోభకృత్ అని ఉంటే అది 2023 కావచ్చు, 1963 కావచ్చు, 1903 కూడా కావచ్చు. ఇంగ్లీషు తేదీ లేని పత్రికలో ఏ చుట్టో తేల్చుకోవడానికి వేరే ఆధారాలు చూడాలి.

ఆ ఆధారాలు చిరునామాలోనే ఉంటాయి. తపాలా బిళ్ల మీద అణాలు ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది, నయా పైసలు ఉంటే 1957 నుంచి 1964 మధ్యది అనుకోవచ్చు. మద్రాసు రాష్ట్రం అని ఉంటే 1969 జనవరికి ముందుది. చిరునామాలో ఆరంకెల పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది. చెన్నై అని అచ్చయితే సాధారణంగా 1996 తర్వాతది. జిల్లాల పేర్లు ఇంకా బాగా పట్టిస్తాయి. హోసూరు 1965 దాకా సేలం జిల్లా, 2004 దాకా ధర్మపురి జిల్లా, ఇప్పుడు కృష్ణగిరి జిల్లా. రాజపాళయం 1985 దాకా రామనాథపురం జిల్లా, తర్వాత విరుదునగర్ ప్రాంతంతో కలిసి కొత్త జిల్లా. తిరుత్తణి 1960 దాకా ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు జిల్లా. ఊరు కదలకుండానే చిరునామా ఎన్నిసార్లు కదిలిందో చూడండి.

పెళ్లి జరిగిన చోటును మాత్రం నమ్మేముందు ఒకసారి ఆలోచించాలి. అది స్వస్థలం కానక్కర్లేదు. దీనికి యానాం మంచి ఉదాహరణ. బాల్యవివాహ నిరోధక చట్టం, మనవాళ్లు శారదా చట్టం అనేది, 1929లో వచ్చి 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అది బ్రిటిషు వారి ఏలుబడిలోని ప్రాంతాలకే. యానాం ఫ్రెంచివారిది. అందుకని చుట్టుపక్కల జిల్లాల వాళ్లు చిన్నపిల్లల పెళ్లిళ్లు చేయడానికి యానాం వెళ్లేవారు. ఆ ఊరికి కల్యాణపురం అని పేరు వచ్చింది ఈ కారణంగానే. ఆ రోజుల పత్రికలో యానాం అని ఉంటే, ఆ కుటుంబం యానాం వాళ్లని అనుకోకూడదు. ఆ పెళ్లికూతురి వయసు ఎంతో అడగాలి. మన చరిత్రలో గొప్పగా చెప్పుకోలేనివి కూడా ఉంటాయి, పత్రికలు వాటినీ దాచి ఉంచుతాయి.

తర్వాత పేర్లు. వరుడి ముందు చి., వధువు ముందు చి.ల.సౌ., అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. పాత పత్రికల్లో పిలిచేవాడు ఇంటి పెద్ద మగవాడు ఒక్కడే. తల్లి పేరు కనపడదు. తర్వాతి కాలంలో శ్రీమతి, శ్రీ అని ఇద్దరూ కలిశారు. ఆపైన పేరు పక్కన బి.ఎ., బి.ఇ. వచ్చాయి, ముందు పెళ్లికొడుక్కి, తర్వాత పెళ్లికూతురికి. ఒకే ఇంటి పత్రికలు నాలుగు తరాలవి వరుసగా పెట్టి చూస్తే ఆ ఇంటి ఆడపిల్లల చదువు ఎప్పుడు మొదలైందో తెలుస్తుంది.

అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో తాతలు, మేనమామలు, పెదనాన్నల పేర్లు ఉంటాయి. అక్కడ మేనమామ పేరు చూడటం మరిచిపోవద్దు. పత్రిక పెళ్లికూతురి తల్లి పుట్టింటి పేరు చెప్పదు. కానీ మేనమామ ఇంటిపేరే ఆమె పుట్టింటి పేరు. పైన చోటు దొరకని అమ్మమ్మ వంశం కింద మూలలో కూర్చుని ఉంటుంది.

తెలుగు పేజీ ఎప్పుడు పోయింది

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1956 నవంబరు 1న భాషాప్రయుక్త రాష్ట్రాలు వచ్చాయి. తెలుగు ప్రచురణలు, పత్రికలు మెల్లగా విజయవాడ, హైదరాబాదు వైపు సాగాయి. ఇందాక చెప్పిన సీసం అచ్చుల సంగతి ఇక్కడ గుర్తు చేసుకోండి. ఏడాది పొడుగునా తెలుగు పని లేకపోతే చిన్న ప్రెస్సువాడు తెలుగు అరలు ఎందుకు ఉంచుకుంటాడు? మధురలోనో, కోయంబత్తూరులోనో పెళ్లికి తెలుగు పత్రిక కావాలంటే మద్రాసుకో, తిరుపతికో వెళ్లాలి. పదిహేను రోజుల్లో పెళ్లి పెట్టుకుని అంత దూరం ఎవరు వెళ్తారు? ఊళ్లోనే తమిళంలో వేయించేశారు. మన పత్రికల్లో తెలుగు తగ్గడానికి భాష మీద ప్రేమ తగ్గడం ఒక్కటే కారణం కాదు. అచ్చు అక్షరాలు దొరకకపోవడం కూడా ఒక కారణం.

ఇదే కాలంలో తమిళ పత్రిక తానూ మారింది. వివాహ శుభముహూర్త పత్రిక అన్నది పోయి, తిరుమణ అళైప్పిదళ్ అనే అచ్చ తమిళ మాట వచ్చింది. పురోహితుడు లేకుండా జరిగే ఆత్మగౌరవ వివాహాలకు 1967లో చేసిన చట్ట సవరణతో గుర్తింపు వచ్చింది. అలాంటి పెళ్లిళ్లు చేసుకున్న తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. వాటి పత్రికల్లో తిథి, గోత్రం ఉండవు, అధ్యక్షత వహించే నాయకుడి పేరు ఉంటుంది. అదీ మన చరిత్రే.

మిగతా ఇళ్లలో ఒక వింత కలయిక వచ్చింది. పెళ్లి తెలుగు పద్ధతిలో, తేదీ తమిళ సౌరమానంలో. మన లెక్కకు సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది, తమిళుల లెక్కకు ఏప్రిల్ నడుమ చిత్తిరై 1న. 2023లో ఉగాది మార్చి 22న వస్తే, తమిళ సంవత్సరాది ఏప్రిల్ 14న వచ్చింది. ఆ మధ్య రోజుల్లో జరిగిన శుభకార్యానికి రెండు భాషల్లో పత్రిక వేస్తే, తెలుగు వైపు శోభకృత్, తమిళం వైపు శుభకృత్ అని ఉండాలి. రెండూ సరైనవే. ఇది తెలియక అచ్చుతప్పనుకుని ఒకదాన్ని దిద్దేసేవాళ్లుంటారు. మన ఇళ్లలో చాలాచోట్ల ఆషాఢమూ పనికిరాదు, ఆడి నెలా పనికిరాదు, మార్గళీ పనికిరాదు. రెండు పంచాంగాల కట్టుబాట్లు మోస్తూ మిగిలిన రోజుల్లో ముహూర్తం వెతుక్కునేవాళ్లం మనం.

లిపి మారితే పేరు మారుతుంది

తమిళంలో వేస్తే నష్టమేమిటి, ఇక్కడ అందరూ చదివేది అదే కదా అని అడిగే సభ్యులున్నారు. న్యాయమైన ప్రశ్నే. తమిళం మన ఊరి భాష, మన పిల్లల భాష, తమిళ పేజీ ఉండాల్సిందే. మా బాధ ఒక్క ఇంటిపేరు గురించే.

తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. త, ద లకు ఒకటే. ప, బ లకు ఒకటే. ఒత్తు అక్షరాలు లేవు. తెలిసిన పేరైతే చదివేవాడు అలవాటు కొద్దీ సరిగ్గానే పలుకుతాడు. గోపి అన్న పేరును ఎవరూ కోపి అనరు. కానీ ఇంటిపేరు అలా అందరికీ తెలిసిన మాట కాదు. దేవినేని తమిళంలో రాస్తే తేవినేని అని చదవవచ్చు. గద్దె అని రాస్తే కత్తె అవుతుంది. రెండు తరాలు గడిచాక, ఇంట్లో పెద్దలు లేకపోతే, పిల్లలు కాగితం మీద ఉన్నదే చదువుతారు. అప్పటికి ఆ ఇంటిపేరు అర్థం పోయి శబ్దం మిగులుతుంది, తర్వాత శబ్దమూ తప్పుతుంది. ఇంగ్లీషులో వేస్తే ట, త ఒకటవుతాయి, డ, ద ఒకటవుతాయి, ల, ళ ఒకటవుతాయి. జబ్బు వేరు, ఫలితం ఒకటే.

ఇది మురిపెం కోసం చెప్పడం లేదు. మన సంఘాల్లో సంబంధాలు చూసేటప్పుడు మొదట అడిగేది ఇంటిపేరు, గోత్రం. ఒకే ఇంటిపేరు వాళ్లు అన్నదమ్ముల వరస. మాటలు అన్నీ అయ్యాక, తాంబూలాలు పుచ్చుకునే ముందు, ఏ ముసలావిడో లెక్క కట్టి ఇద్దరిదీ ఒకే ఇల్లని తేల్చితే రెండు కుటుంబాలకూ ఎంత ఇబ్బందో పెద్దలకు తెలుసు. ఆ ముసలావిడ లేని ఇంట్లో అది తేల్చేదెవరు?

శివకాశి పక్కనే ఉండి

విరుదునగర్ జిల్లాలో శివకాశి ఉంది. అగ్గిపెట్టెల పరిశ్రమ 1920లలో మొదలై, ఆ పెట్టెల మీద అతికించే బొమ్మల కోసం అచ్చుపని వచ్చి, అది పెరిగి పెరిగి క్యాలెండర్లు, డైరీలు, పెళ్లి పత్రికల దాకా విస్తరించింది. అదే జిల్లాలో రాజపాళయం ఉంది, తెలుగు మాట్లాడే రాజుల ఊరు. దాన్ని దాటి కోవిల్‌పట్టి వైపు వెళ్తే ఇడైసేవల్ ఉంది, తమిళ రచయిత కి. రాజనారాయణన్ ఊరు. ఆయన ఇంటి భాష తెలుగు. తెలుగువాళ్లు దక్షిణానికి తరలివచ్చి కరిసల్ నేలలో ఊరు కట్టుకున్న కథను ఆయన 1976లో గోపల్ల గ్రామం అనే నవలగా తమిళంలో రాశారు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. మన వలస కథ మనకు తమిళంలో దొరకడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. తమిళం దాన్ని భద్రంగా దాచిపెట్టింది. కానీ నవల రాసే మనిషి ప్రతి ఇంట్లో పుట్టడు. ప్రతి ఇంట్లో జరిగేది పెళ్లి. అందుకే ప్రతి ఇంటి చరిత్రకూ పత్రికే దిక్కు.

ఇతర రాష్ట్రాల్లోని మనవాళ్ల పరిస్థితీ ఇంచుమించు ఇలాగే ఉంది. షోలాపూరు పద్మశాలీల పత్రిక మరాఠీలోకి, కోలారు వైపు వాళ్లది కన్నడంలోకి వెళ్లింది. ఒక తేడా ఉంది. కన్నడ, దేవనాగరి, ఒడియా లిపుల్లో గ, ద, బ అక్షరాలు విడిగా ఉన్నాయి, కాబట్టి ఇంటిపేరు పలుకు చాలావరకు నిలుస్తుంది. లిపి విషయంలో ఎక్కువ జాగ్రత్త పడాల్సినది తమిళనాట ఉన్న మనమే.

ఈ తరం పత్రిక

1990ల తర్వాత కంప్యూటరు వచ్చి సీసం అరల బెడద తీరింది. ఇప్పుడు తెలుగు అక్షరాలు ఫోనులోనే ఉన్నాయి. అచ్చు అక్షరాలు దొరకవన్న సాకు ఇక లేదు. కొత్త చిక్కు వేరే ఉంది. డిజైన్ చేసే కుర్రాడికి తెలుగు రాదు. మనం పంపిన తెలుగు వాక్యాన్ని అతను తన సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తాడు. అది తెలుగుకు సరిగ్గా సిద్ధం చేసినది కాకపోతే ఒత్తులు విడిపోతాయి. శ్రీ అన్న అక్షరమే పొల్లుతో ముక్కలై కనపడుతుంది. అతనికది తప్పని తెలియదు. అచ్చయ్యాక మనం చూస్తాం. ఇకపై ఇంగ్లీషులోనే వేద్దాం అనుకుంటాం. ఈ తరంలో తెలుగు పేజీ ఇలా కూడా పోతోంది.

రెండో చిక్కు చదువు. 2006లో తమిళనాడు ప్రభుత్వం తెచ్చిన తమిళ బోధన చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. మన పిల్లల్లో తెలుగు మాట్లాడేవారున్నా చదివేవారు తగ్గుతున్నారు. ఎవరూ చదవని పేజీ ఎందుకని అడుగుతారు. పత్రిక పెళ్లినాటి చుట్టాల కోసం మాత్రమే కాదని మా జవాబు. అది ఎప్పుడో ఒకరోజు మా వాళ్లు ఎవరు అని వెతుక్కునే మనవరాలి కోసం కూడా. చదవడం ఆమె నాలుగు నెలల్లో నేర్చుకోగలదు. కాగితం మీద లేనిదాన్ని మాత్రం ఎన్నేళ్లు వెతికినా నేర్చుకోలేదు.

మూడోది వాట్సాప్. రంగుల బొమ్మ, పాట, వధూవరుల ముద్దుపేర్లు, మండపానికి దారి. అంతే. ఖర్చు లేదు, చూడ్డానికి బాగుంది. కానీ ఫోను మారితే పోతుంది. పైగా 2009 చట్టం ప్రకారం తమిళనాట పెళ్లి నమోదు తప్పనిసరి, నమోదుకు వెళ్తే పెళ్లి జరిగిందనడానికి అచ్చు పత్రిక అడుగుతారు. ప్రభుత్వం కూడా పత్రికను ఆధారంగా చూస్తున్నప్పుడు మనం చెత్తగా చూడటం బాగుండదు.

మా కోరిక

ఖరీదైన పత్రికలు వేయించమని మేము చెప్పడం లేదు. ఏ భాషలో వేసినా, ఎంత చిన్నదైనా, ఒక్క మూల తెలుగు లిపిలో నాలుగు విషయాలు వేయించండి: రెండు వైపుల ఇంటిపేర్లు, పాటించేవారైతే గోత్రాలు, తెలిసినంతవరకు పూర్వపు ఊరు, ఇద్దరు తల్లుల పుట్టింటి పేర్లు. చివరిది పాత పత్రికల్లో లేదు. మనం కొత్తగా చేర్చవలసినది అదే. ఇంటిపేరు తెలియదంటే ఇంట్లో ఉన్న పెద్దావిడను ఈ వారమే అడగండి, వచ్చే ఏడాదికి వాయిదా వేయకండి.

అచ్చుకు ఇచ్చే ముందు నమూనాను తెలుగు చదవగలిగే ఒకరికి చూపించండి. ఇంట్లో ఎవరూ లేకపోతే సంఘానికి పంపండి, మేము దిద్ది అదే రోజు తిరిగి పంపుతాం. తెలుగు వాక్యాలను అక్షరాలుగా కాకుండా బొమ్మగానో, పీడీఎఫ్‌గానో డిజైనరుకు ఇస్తే ఒత్తులు చెదరవు. పత్రిక మీద ఇంగ్లీషు సంవత్సరం తప్పక ఉండాలి, లేకపోతే 60 ఏళ్ల తర్వాత మన మనవలు శోభకృత్ దగ్గర తికమకపడతారు.

పాత పత్రికలు ఉంటే రెండు వైపులా, కవరుతో సహా, ఫొటో తీసి సంఘానికి పంపండి. అసలుది మీ దగ్గరే ఉంచుకోండి. ఫోను నంబర్లు, ఇంటి చిరునామాలు కప్పేసిన తర్వాతే మేము ఇతరులకు చూపిస్తాం. తమిళంలో ఉన్నా, ఇంగ్లీషులో ఉన్నా, చెదలు తిన్నా ఫర్వాలేదు. ఊరి వారీగా, ఇంటిపేరు వారీగా వరుస పెట్టి సంఘం ఆఫీసులో ఒక పుస్తకం చేద్దాం. చదివింపుల పద్దు పుస్తకాలు ఉన్నవారు వాటినీ చూపించండి. ఏ ఊరి నుంచి ఏ చుట్టం వచ్చాడో అందులో ఉంటుంది.

ఈ ముహూర్తాల్లో పెళ్లిళ్లు చేస్తున్న సభ్యులందరికీ మా శుభాకాంక్షలు. మీ ఇంటి పత్రిక మాకూ ఒకటి పంపండి. భోజనానికి పిలిచినా పిలవకపోయినా దాచిపెడతాం.